మీ నానమ్మ ఉత్తరాలు నేనే రాసేవాణ్ణి

మాధవరం,
ఆదివారం ఉదయం.

చి.ల.సౌ. బుజ్జమ్మకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నువ్వూ కన్నయ్యా, పైన ఆ చలిలో అల్లుడుగారూ క్షేమమని తలుస్తాను.

ఈ వాక్యం చేతికి అలవాటైపోయి దానంతట అదే వచ్చేసింది. దీని సంగతి తర్వాత రాస్తాను.

ఫోను ఉండగా ఉత్తరమేమిటని అనుకోకు. ఫోను చేస్తే "బానే ఉన్నాం నాన్నా, కన్నయ్యకు హోంవర్క్ ఉంది, మళ్ళీ చేస్తాను" అంటావు. అలా అని పందొమ్మిది రోజులైంది. మధ్యలో మీ అమ్మ పంపిన ప్రతి మెసేజీకీ బొటనవేలు బొమ్మ ఒకటి వస్తోంది. మీ అమ్మకు అది చాలు. నాకు చాలడం లేదు.

నేను రాస్తున్నది మాత్రం వేరే పని మీద. మాఘంలో నానమ్మ సంవత్సరీకం. పెద్దాడు ఆ రోజుకి గుమ్మం ముందు ఫ్లెక్సీ కట్టిస్తానంటున్నాడు. "ఆదర్శ సైనిక పత్ని, ఏనాడూ కంటతడి పెట్టని ధీర వనిత" అని రెండు లైన్లు వాడే రాసి, కింద వేయడానికి నాలుగు మాటలు నన్ను రాసిమ్మన్నాడు. మూడు రోజులుగా కాగితం ముందు కూర్చుంటున్నాను. వాడి రెండో లైను దగ్గరే ఆగిపోతున్నాను. నువ్వు నానమ్మ పక్కలో పెరిగినదానివి, నీకు పంపి అడుగుదామనిపించింది.

ఈ నవంబరు నాకు పని లేకుండానే గడిచిపోయింది తల్లీ. ప్రతి ఏడూ నవంబరు వచ్చిందంటే పింఛనుకి ఆవిడ లైఫ్ సర్టిఫికెట్ పని ఉండేది. ఆ రోజు పొద్దున్నే తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని కూర్చునేది. "పోస్టుమాన్ ఇంటికే వస్తాడమ్మా, ఇంత తయారెందుకు" అంటే, "మీ నాన్న పేరు మీద జరిగే పని, ఎలా పడితే అలా ఉంటానా" అనేది. మిషన్ మీద వేలిముద్ర పడేది కాదు. కుడిచెయ్యి అయిదు వేళ్ళూ అరిగిపోయాయి. గడ్డి కోసిన వేళ్ళు, పిడకలు చేసిన వేళ్ళు. ఒక్కొక్కటీ తుడిచి పెట్టించేవాణ్ణి. చివరికి ఎడమచేతి ఉంగరం వేలు పడేది. మొన్న ఒకటో తారీకున పొద్దున్న లేవగానే గుడ్డముక్క వెతికాను. తర్వాత గుర్తొచ్చింది.

తాతయ్య 1955లో బెంగుళూరులో ఎం.ఇ.జి.లో, అంటే సైన్యంలోని మద్రాస్ ఇంజనీర్ గ్రూపులో, చేరారు. పెళ్ళి 1958లో. నానమ్మకు అప్పటికి పదహారు. పెళ్ళయిన ఇరవయ్యో రోజున ఆయన రైలెక్కేశారు. 1979లో నాయబ్ సుబేదారుగా వచ్చేశారు. ఊళ్ళో అందరూ మన ఇంటిని సుబేదారు గారిల్లు అంటారు గానీ ఆ ఇల్లు కట్టించింది ఆవిడే. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆయన వచ్చేసేదాకా ఇరవై ఒక్క ఏళ్ళు. ఏడాదికి రెండు నెలల సెలవు, మధ్యలో క్వార్టరు దొరికిన కాలం, అన్నీ కలిపి నేనూ మీ బాబాయీ ఒకసారి లెక్క వేశాం. వాళ్ళు ఒక కప్పు కింద ఉన్నది ఏడేళ్ళు దాటలేదు. మిగతా పద్నాలుగేళ్ళూ ఆవిడ మనియార్డరు మీదా, ఉత్తరం మీదా కాపురం చేసింది. ఇద్దరు ఆడపడుచుల పెళ్ళిళ్ళు చేసింది. ఎకరంన్నర కౌలు చేసింది. మామగారికి పక్షవాతం వస్తే తొమ్మిదేళ్ళు చూసుకుంది. ఊళ్ళో ఎవరింట్లో ఏ తగువొచ్చినా "సుబేదారు గారమ్మని అడగండి" అనేవాళ్ళు. ఆవిడ ఒక్క మాట అంటే అక్కడితో ఆగేది.

ఝాన్సీ సంగతి నీకు తెలుసు, నానమ్మే వందసార్లు చెప్పింది. 1965లో క్వార్టరు వచ్చిందని నన్ను తీసుకుని వెళితే, మూడు వారాలకే కచ్‌లో పాకిస్తాన్‌తో గొడవ మొదలై యూనిట్ రాత్రికి రాత్రి కదిలిపోయింది. భాష రాదు, పక్కింట్లో వంట వేరు. అందరూ ఊరికి వెళ్ళిపొమ్మన్నారు. ఆవిడ వెళ్ళలేదు. "ఆయన తిరిగొచ్చేసరికి తలుపుకి తాళం ఉండకూడదు" అని సెప్టెంబరులో యుద్ధం ఆగేదాకా అక్కడే ఉంది. నాకు గుర్తున్నది ఒక్కటే, పంజాబీ పిన్ని ఒకావిడ నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని రొట్టెకి నెయ్యి రాసిచ్చేది. అలాంటి వాళ్ళు నీ చుట్టూ ఉన్నారా? ఆ క్వార్టర్లలో పక్కవాళ్ళతో మాట్లాడుతున్నావా? నువ్వు చిన్నప్పటినుంచీ తలుపేసుకుని కూర్చునే పిల్లవి. అది అక్కడ పనికిరాదు. అర్ధరాత్రి అవసరమొస్తే నేను తాడేపల్లిగూడెంలో రైలెక్కి వచ్చేసరికి తెల్లారిపోతుంది. పక్క తలుపు కొడితే రెండు నిమిషాలు.

ఇంకో మాట. అల్లుడుగారి రికార్డుల్లో నీ పేరు ఏ స్పెల్లింగుతో ఉందో చూశావా? ఆధార్‌లో ఉన్నట్టే ఉండాలి. మీ పెళ్ళీ, కన్నయ్య పుట్టుకా పార్ట్ టూ ఆర్డర్లో, అదే సైన్యం వాళ్ళు కుటుంబ వివరాలు ఎక్కించే దాంట్లో, పడ్డాయో లేదో ఆయన్ని అడిగి కాపీ తీసి దగ్గర పెట్టుకో. ఇదేమీ అపశకునం కాదు, ఇల్లాలు చేసుకోవలసిన పని. తాతయ్య 1998లో పోయినప్పుడు నానమ్మ ఏం పడిందో నేను చూశాను. 1958లో ఆయన ఆఫీసులో రాయించింది ఇంట్లో పిలిచే పేరు. రేషన్ కార్డులో ఉన్నది అసలు పేరు. ఇద్దరూ ఒకరేనని నిరూపించడానికి పద్నాలుగు నెలలు పట్టింది. అఫిడవిట్లు, సంతకాలు, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం చుట్టూ తిరగడం. ఒక గుమాస్తా అయితే "అసలు నువ్వు ఆయన భార్యవేనా" అని ముఖం మీదే అడిగాడు. నలభై ఏళ్ళు ఆయన పేరు మీద బతికిన మనిషిని! అక్కడ ఒక్క మాట అనలేదు. ఇంటికొచ్చి నీ పలక తీసుకుంది. నీకప్పుడు ఆరేళ్ళు, గుర్తుందా? "ఇకమీదట వేలిముద్ర వెయ్యను, సంతకం నేర్పవే" అని నిన్నే అడిగింది. నువ్వు చెయ్యి పట్టుకుని దిద్దించావు. నెల రోజులకి సంతకం వచ్చింది. యాభై ఆరో ఏట.

కార్డులు, కాగితాలు అన్నీ ఒక ఫైల్లో పెట్టుకో. హాస్పిటల్‌కి వెళ్ళేటప్పుడు డిపెండెంట్ కార్డు మర్చిపోకు.

హాస్పిటల్ మాట ఎందుకు వచ్చిందంటే, చిన్నత్త తోటికోడలి చెల్లెలు సికింద్రాబాద్‌లో తిరుమలగిరి వైపు ఉంటుంది కదా. పోయిన నెల నిన్ను హాస్పిటల్ ఓపీ దగ్గర చూసిందట. ఒక్కదానివే ఉన్నావట, చేతిలో ఫైలు ఉందట, పలకరిస్తే "ఊరికే వచ్చాను" అన్నావట. నువ్వు కాదేమో. నువ్వే అయినా కన్నయ్య కోసం వెళ్ళావేమో. కానీ కన్నయ్య నీతో లేడంది. ఊరికే ఎవరూ హాస్పిటల్‌కి వెళ్ళరు తల్లీ. మీ అమ్మకు ఈ సంగతి చెప్పలేదు. చిన్నత్తను కూడా చెప్పవద్దన్నాను.

సరే, నానమ్మ సంగతికి వస్తాను.

నానమ్మకు చదువు రాదు. నాకు మూడో తరగతి వచ్చినప్పటినుంచీ ఉత్తరాలు నేనే రాసేవాణ్ణి. ఆవిడ బియ్యం ఏరుతూ చెప్పేది, నేను ఇన్‌లాండ్ లెటర్ మీద రాసేవాణ్ణి. తాతయ్య దగ్గర్నుంచి వస్తే నేనే చదివి వినిపించేవాణ్ణి. ఆయన చిరునామాలో ఊరి పేరు ఉండేది కాదు. నంబరు, హవల్దారు అనే మాట, పేరు, యూనిట్, చివర కేరాఫ్ 56 ఏపీఓ, అంటే సైన్యం పోస్టాఫీసు. పోస్టాఫీసులో చేరాక తెలిసింది నాకు, 56 అంటే పడమటి దిక్కు, 99 అంటే తూర్పు దిక్కని. నానమ్మకు ఆ సంగతి ఎవరూ చెప్పకుండానే తెలుసు. అంకె మారితే కవరు చూసి "దిక్కు మారింది" అనేది.

1971 డిసెంబరు 3న యుద్ధం మొదలైంది. నాకు పదేళ్ళు, అయిదో తరగతి. బాబాయికి ఆరు. మా చెల్లెలు చిట్టికి రెండు నిండలేదు. పంచాయతీ రేడియో దగ్గర ఊరంతా చేరేది. మన ఊళ్ళో మిలటరీ మనిషి లేని వీధి ఎక్కడుంది? వార్తలయ్యాక ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా వెళ్ళిపోయేవాళ్ళు. 16న ఢాకాలో పాకిస్తాన్ వాళ్ళు లొంగిపోయారని చెప్పినప్పుడు స్తూపం దగ్గర టపాకాయలు కాల్చాం. నాన్న వారం రోజుల్లో వచ్చేస్తారనుకున్నాను. యుద్ధం పదమూడు రోజుల్లో అయిపోయింది గానీ ఆయన పని అప్పుడే అయిపోలేదు. ఆయన కంపెనీ సరిహద్దు అవతల, పాకిస్తాన్‌లో షకర్‌గఢ్ వైపు ఉంది. బసంతర్ నది దగ్గర టాంకులు దాటడానికి మైన్లు తీసి దారి చేసింది ఇంజనీర్లే కదా. కాల్పులు ఆగాక కూడా ఆ నేలలో మైన్లు ఉండిపోయాయి. సిమ్లా ఒప్పందం 1972 జూలైలో అయితే, మన సైన్యం ఆ ప్రాంతం వదిలి వచ్చేసరికి డిసెంబరు.

సంక్రాంతి వెళ్ళిన నాలుగో రోజు చిట్టికి జ్వరం వచ్చింది. ఆకుపసరు పోశారు, తాయెత్తు కట్టారు, మూడో రోజు రాత్రి గూడెం తీసుకెళదామని బండి కట్టారు. బండి ఊరు దాటకుండానే వెనక్కి వచ్చింది. నేను అరుగు మీద నిలబడి ఉన్నాను. ఎడ్లు మామూలుగానే నడిచి వస్తున్నాయి, మరి ఎందుకు వెనక్కి వచ్చారో నాకు అర్థం కాలేదు.

పదో రోజు దాటాక నానమ్మ నన్ను పిలిచి ఉత్తరం రాయమంది. నేను పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఆవిడ చాలాసేపు ఏమీ చెప్పలేదు. తర్వాత మామూలు గొంతుతోనే మొదలుపెట్టింది. "ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరు క్షేమమని తలుస్తాను. పెద్దవాడు బాగా చదువుతున్నాడు. గేదె ఈనింది, పెయ్యదూడ." నేను రాయడం ఆపి, "చిట్టి సంగతో?" అన్నాను. బియ్యం చేట పక్కన పెట్టి నా వైపు చూసింది. "మీ నాన్న చేసేది మైన్లు తీసే పని. చెయ్యి వణకకూడదు. రాయి, మేమంతా క్షేమం." రాశాను. చేతిరాత బాగుండాలని క్షేమం అన్న మాటను రెండోసారి దిద్దాను కూడా.

ఫిబ్రవరి చివర్లో జవాబు వచ్చింది. నేనే చదివాను. దూడకు ఏం పేరు పెట్టారు, కౌలు డబ్బు ఇచ్చేశారా, అమ్మ మాట వినండి. చివర "చిట్టికి ముద్దులు". అక్కడికి వచ్చేసరికి నా గొంతు ఆగిపోయింది. ఆవిడ "చదువు" అంది. చదివాను. మార్చిలో ఒకటి, ఏప్రిల్లో రెండు, మేలో ఒకటి. ప్రతిదాంట్లోనూ చివర చిట్టికి ముద్దులు. మనియార్డరు కూపన్ మీద ఉన్న రెండంగుళాల చోటులో కూడా అదే. ప్రతిసారీ నేను చదివాను, ఆవిడ విన్నది.

పగలు ఆవిడ మామూలుగానే ఉండేది. తెల్లవారుజామున చావిట్లో పాలు తీసేది కదా, నేను మంచం మీదనుంచి వినేవాణ్ణి. చెంబులో పాల చప్పుడు వచ్చేది. ఆగిపోయేది. చాలాసేపటికి మళ్ళీ మొదలయ్యేది. మా నాన్న సెలవు మీద వచ్చేదాకా ప్రతి తెల్లవారుజామునా అంతే. అందుకే పెద్దాడి రెండో లైను నాకు మింగుడుపడటం లేదు.

జూన్‌లో ఆయన వచ్చారు. బస్సు దిగి, ట్రంకు పెట్టె భుజాన పెట్టుకుని నడుచుకుంటూ వచ్చారు. నేను పరిగెత్తాను. ఇంట్లోకి వచ్చి చుట్టూ చూడలేదు, ఎవరినీ అడగలేదు. స్నానం చేశారు, అన్నం తిన్నారు. తిని లేచి నానమ్మతో "పద" అన్నారు. ఆవిడ ఎక్కడికని అడగలేదు. ఇద్దరూ కాలవ గట్టు వైపు నడిచి వెళ్ళారు. చీకటి పడ్డాక వచ్చారు.

ఆయనకు ముందే తెలుసని అప్పుడే అర్థమైంది నాకు. తర్వాత ఎన్నో ఏళ్ళకి, ఆయన మంచాన పడ్డప్పుడు, అడిగాను. ఎప్పుడు తెలిసింది నాన్నా అని. ఫిబ్రవరి మొదట్లోనే తెలిసిందన్నారు, మన ఊరివాడికే వాళ్ళ ఇంటి నుంచి ఉత్తరం వచ్చిందట. మరి చిట్టికి ముద్దులని ఎందుకు రాశారు అన్నాను. "రాయడం మానేస్తే నాకు తెలిసిపోయిందని మీ అమ్మకు తెలుస్తుంది కదరా. నా చెయ్యి వణుకుతుందేమోనని అది ఇంకా భయపడుతుంది" అన్నారు.

నీకు చిన్నత్త ఉంది, పెద్దత్త ఏదని చిన్నప్పుడు నన్ను అడిగేదానివి. నేను మాట మార్చేవాణ్ణి. చిన్నత్త 1974లో పుట్టినప్పుడు అందరూ అమ్మాయి అని పిలవబోతే, నానమ్మ పట్టుబట్టి చిన్నమ్మాయి అని పిలిపించింది.

పోయే ముందు ఆవిడ నాతో అన్న మాట ఒకటి ఎవరికీ చెప్పలేదు. ఒక మధ్యాహ్నం మజ్జిగ తాగిస్తుంటే నా చెయ్యి పట్టుకుని, "ఆ ఉత్తరం నీ చేత రాయించకుండా ఉండాల్సింది. వేరే ఎవరిచేతనైనా రాయించాల్సింది" అంది. ఏ ఉత్తరమమ్మా అని నేను అడగలేదు. ఎనభై మూడేళ్ళ మనిషి, యాభై మూడేళ్ళ కిందటి సంగతి. ఇన్నాళ్ళూ ఆవిడ దాన్ని మోసింది. నేను కూడా మోశాను. పోస్టాఫీసులో ముప్పై ఆరేళ్ళు చేశాను. నా చేతి మీదుగా వెళ్ళిన ఉత్తరాల్లో క్షేమం అన్న మాట ఎన్నింట్లో నిజమో అనుకునేవాణ్ణి.

ఇప్పుడు నువ్వు "బానే ఉన్నాం నాన్నా" అంటే నాకు ఆ ఇన్‌లాండ్ లెటరే గుర్తొస్తోంది. నీకు నానమ్మ పోలిక అని అందరూ అంటే నేనూ మురిసిపోయాను. ధైర్యం పోలిక వస్తే రానీ. దాచడం మాత్రం వద్దు. అల్లుడుగారికి చెప్పకూడదని అనుకుంటున్నావేమో, ఆయన ఉన్న చోటు అలాంటిది, అర్థం చేసుకుంటాను. నాకు చెప్పడానికేం? నేను మైన్లు తీయడం లేదు. ఇంటి దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నాను. నా చెయ్యి వణికితే ఎవరికీ నష్టం లేదు.

కన్నయ్యకు తొమ్మిదేళ్ళు. వాడికి తెలియదనుకోకు. నువ్వు ఎన్నిసార్లు లేస్తున్నావో, వంటింట్లో కుళాయి తిప్పి ఎంతసేపు నిలబడుతున్నావో వాడు పక్క గదిలో పడుకుని లెక్కపెడుతుంటాడు. ఎవరైనా అడిగితే బానే ఉన్నాం అని చెప్పమని వాడికి నేర్పావా? నేర్పితే మానిపించు. మొన్న మీ అమ్మ వీడియో కాల్ చేస్తే, అడగకుండానే "అమ్మ బానే ఉంది తాతయ్యా" అన్నాడు. నేను వాణ్ణి అమ్మ గురించి అడగనేలేదు.

మళ్ళీ కోప్పడుతున్నానని అనుకుంటావు. కోపం కాదు. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు.

భోజనం వేళకు చెయ్యి. కన్నయ్య తిన్నాక మిగిలింది తినడం కాదు, వడ్డించుకుని కూర్చుని తిను. సున్నుండలు మీ అమ్మ చేసింది, డబ్బా పార్సిల్లో వస్తుంది, నెయ్యి ఎక్కువే వేయించాను. కన్నయ్య స్వెట్టర్ పాతది చేతులు పొట్టయి ఉంటుంది, కొలత పంపు. గ్యాస్ రెగ్యులేటర్ రాత్రి కట్టేస్తున్నావా? చిన్నత్తను ఏమీ అనకు, అది నీ మీద ప్రేమతోనే చెప్పింది.

పెద్దాడితో ఆ రెండో లైను తీసేయమని చెప్పాను. మొదటిది ఉండనిమ్మన్నాను, అది నిజమే. రెండో దాని బదులు ఏం రాయాలో నువ్వు చెప్పు. నాకేమీ తోచకపోతే ఆవిడ పేరు, తాతయ్య పేరు, కింద పిల్లల పేర్లు వేయిస్తాను. నాలుగు పేర్లూ. చిట్టి పేరు ఇంతవరకు ఎక్కడా రాసి లేదు.

ఈ కవరులో ఇంకో కవరు పెట్టాను. నా చిరునామా రాసి స్టాంపు కూడా అంటించాను. కాగితం కూడా లోపలే ఉంది. నీకు నోటితో చెప్పబుద్ధి కాకపోతే దాని మీద రాయి. హాస్పిటల్‌కి ఎందుకు వెళ్ళావు, డాక్టరు ఏమన్నారు, మందులు ఏమైనా రాశారా. క్షేమం అన్న మాట అందులో ఉండక్కర్లేదు. వచ్చే శనివారం గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి మీ అమ్మకూ నాకూ టికెట్లు తీశాను. శుక్రవారంలోపు నీ ఉత్తరం అందినా అందకపోయినా మేము బయలుదేరుతున్నాం. స్టేషనుకి రావద్దు, ఆటోలో వస్తాం. పొద్దున్నే గేటు దగ్గర పేరు రాయించి ఉంచు, లేకపోతే మీ సెంట్రీ లోపలికి రానివ్వడు.

ఆశీస్సులతో
మీ నాన్న